పండ్లు కనబడాలె

చండూరు హైస్కూల్ల పది-బి సెక్షనుకు
ఆఖరు దినం.
తొమ్మిదోళ్లు తలా పదిరూపాలు జమజేసి
మనిషికో సమోస, సగం గిలాస రస్నా పెట్టిన్రు.
సమోసల ఆలుగడ్డ లేదు, గాలి ఉన్నది.
మా మీద వాళ్ల ప్రేమ గూడ గంతే అనుకొని తిన్నం.

లెక్కల సారు నాకు ముందుగాలే పని జెప్పిండు:
"ఒక్కొక్కల జోస్యం రాసి సదువు.
నవ్వాలె, ఏడ్వొద్దు,
ఎవ్వల ఇంటి సంగతి తియ్యొద్దు."
కరెంటు వొయ్యేదాక రాసిన,
పోయినంక గూడ రాసిన.
అందుకే అక్కడక్కడ అచ్చరాలు గీత దాటినయి.

ఇగ ఇనున్రి అన్న.

ఏర్పుల సైదులు,
పొద్దుగాల ప్రార్థన అయినంకనే గేటుకాడ కనబడేటోడు,
దేవరకొండ బస్సుకు డ్రైవరైతడు.
బస్సు గంట లేటొస్తది.
జనమంత తిడ్తరు, నేను తప్ప.
నేను ఆ బస్సుకు గూడ అందను.

తిరందాసు హరిణి,
మగ్గం సప్పుడు మీద ఎక్కాలు బట్టిన పిల్ల,
కండె మార్చేటప్పుడల్లా పన్నెండు పన్నెండ్లకాడ ఆగేది,
బ్యాంకు మేనేజరైతది.
మన అప్పు కాయితం జూసి
"పోగు తెగింది, అతికిచ్చుకొని రా పో" అంటది.

జాని పాషా,
'మై బెస్ట్ ఫ్రెండ్' తప్ప ఇంకో వ్యాసం రానోడు,
ఆవు మీద రాయమంటే
'మై బెస్ట్ ఫ్రెండ్ ఈజ్ ఎ కౌ' అని మొదలువెట్టినోడు,
పశువుల డాక్టరైతడు.
దోస్తాన కింద ఆవులు గూడ ఫీజు బాకీ పెడ్తయి.

కవలలు బొల్లు రమ్య, బొల్లు రమణి,
ఐదేండ్లు ఒక్కటే తప్పు జవాబు రాసినోళ్లు,
లాయర్లయి ఎదురెదురుగ నిలబడ్తరు.
ఇద్దరు ఒక్కటే అబద్ధం జెప్తరు,
జడ్జి ఇద్దరికీ సగం సగం మార్కులేస్తడు.

కేతావత్ సరోజ,
తండ నుంచి నాలుగు కిలోమీటర్లు నడిచొచ్చి
ఖోఖోల ఎవ్వలకు దొరకని పిల్ల,
పోలీసైతది.
దొంగలు ముందుగాలే లొంగిపోతరు,
ఉరుకుడు దండుగని.

అందరు నవ్విన్రు, సరోజ నవ్వలే.
ఇంట్ల సదువు ఇగ సాలన్నరని
ఎనక బెంచీకి ఎరుకే.
నేను కాయితం మలపలే.
మల్లొకసారి సదివిన:
పోలీసైతది.

సారును గూడ ఇడ్వలే.
పెన్షనొచ్చినంక చాయ్ కొట్టు పెడ్తడు,
చిల్లరెంతో మనల్నే జెప్పమంటడు,
స్టెప్పులు రాయకపోతే సగం కప్పే పోస్తడు.

గంతల ఫొటో యాదగిరన్న వచ్చిండు.
పొట్టోళ్లు కింద, పొడుగోళ్లు బెంచీ మీద.
"నవ్వున్రి" అన్నడు.
మూతులు బిగవట్టి నవ్వినం.
ఆరో తరగతి నుంచి మా నవ్వు గంతే.
బోరునీళ్లు మా పండ్ల మీద రాసిపెట్టిన
గోధుమరంగు గీతలు మరి.
ఒకసారి పట్నం డాక్టరమ్మ వచ్చి
నోర్లు తెరిపించి లెక్క రాసుకపోయింది,
నలభైమందిల ముప్పై ఎనిమిది.
మా సెక్షనుకు అంత పర్సంటేజీ
ఇంకే పరీక్షల రాలే.

"పండ్లు కనబడాలె" అన్నడు యాదగిరన్న.
ఎవ్వలు తెరవలే.

అప్పుడు సైదులు, బెంచీ మీదికెల్లి:
"అరే, నీ జోస్యం ఏదిరా?"
నిజమే. రాసుకునుడు మర్సిన.
జాని అందుకున్నడు:
"వీడా? ఒక్కటి నిజంగాక
ఊరూరు తిరిగి మాఫీ అడుగుతడు!"
"ఫస్టు నా బ్యాంకుకు రా" హరిణి.
"నా బస్సెక్కకు" సైదులు.
"దొరకవడ్తె లోపలేస్త" అన్నది
ఇంతసేపు మాట్లాడని సరోజ,
అని తనే ముందు నవ్వింది,
పండ్లన్నీ కనబడేటట్టు.

ఇగ ఆగుతమా?

ఫొటోల మేము నలభైమందిమి,
సారుతో సహా నోర్లు తెరుసుకొని.
గీతలన్నీ వొచ్చినయి, ఒక్కటి మాయం గాలే.
కాపీకి పదిహేను రూపాలు,
రేపే ఆఖరన్నడు యాదగిరన్న.

సైదులు మూడోనాడు ఇచ్చిండు.